ఏం మే అన్న పాపానికి

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క అక్షరం. నవ్వొస్తుందేమో మీకు. అక్షరానికి బరువేమిటే పిచ్చిదానా అంటారేమో. బియ్యం బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి నడుం నిమురుకుంటాం. దీన్ని దించే చోటు నాకింతవరకూ దొరకలేదు. అందుకే మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే మంచిది.

నా పేరు రాయను. అంత ధైర్యమే ఉంటే చెప్పాల్సినవాళ్ళకి ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని. ఆమె పేరు, ఆమె కూతురి పేరు మాత్రం మార్చలేదు. ఎందుకో చివర్లో చెబుతాను. ఇంకో మాట. చదువుతూ మధ్యలో ఎక్కడైనా మీకు నామీద జాలి కలిగితే, దయచేసి దాన్ని వెనక్కి తీసేసుకోండి. నాకు కావలసింది జాలి కాదు. వినే మనిషి.

మాది గోదావరి జిల్లా. మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఒక ఒమానీ ఇంట్లో చాలా ఏళ్ళు వంట చేశాను. ఇంటావిడని 'మామా' అనేవాళ్ళం. ఇక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరూ యజమానురాలిని అలాగే పిలుస్తారు. సామాన్ల గది తాళాలు నా దగ్గరే ఉండేవి. మామా తాగే ఖహ్వాలో, అదే అరబ్బీ కాఫీలో, ఏలకులు ఎంత పడాలో నాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. అరబ్బీ గడగడా మాట్లాడేదాన్ని. ఆ ఇంట్లో నేను పనిమనిషినే, కాదనను. కానీ పనిమనుషుల్లో పెద్దదాన్ని. ఆ పెద్దరికం నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

ఎందుకంటే ఊళ్ళో నన్ను మా అత్త 'ఒసే' అంది, మొగుడు 'ఏవే' అన్నాడు, ఆడపడుచు అసలు పిలవనే లేదు, చిటికె వేసేది. గోదావరోళ్ళు కుక్కని కూడా గారూ అంటారని లోకం వెక్కిరిస్తుంది కదా, ఆ 'గారు' కుక్కదాకా వెళ్ళిందేమోగాని నాదాకా రాలేదు. ఆ ఆకలి కడుపులో పెట్టుకునే విమానం ఎక్కాను. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆకలితో ఉన్నవాళ్ళందరూ పక్కవాళ్ళ కంచం లాక్కోరు.

ఓబులమ్మ మా ఇంటికి వచ్చింది ఇబ్రా అనే ఊరి నుంచి. కడప వైపు మనిషి. ఇబ్రాలో మామా అన్నగారింట్లో మంచం పట్టిన ముసలమ్మని చూసుకునేది. పక్షవాతంతో ఆ ముసలమ్మకి నోరు పడిపోయింది. ఇంటి మగవాళ్ళు హిందీలో రెండు ముక్కలు పురమాయించి పోయేవాళ్ళట. నోరులేని మనిషి పక్కన కూర్చుంటే ఏం మాటలు వస్తాయి? రెండేళ్ళు కావస్తున్నా ఆమెకి అరబ్బీ అంటుకోలేదు. ముసలమ్మ పోయాక మా దగ్గరికి పంపారు.

వంటింటి గుమ్మంలో సంచి పెట్టి నిలబడింది. "ఎవరూ?" అన్నాను తెలుగులో, అలవాటుగా. అంతే, ఆమె మొహం దీపం వెలిగించినట్టయింది.

"ఏం మే, మనోళ్ళేనా! నీ కడుపు సల్లగుండ, తెలుగు మాట ఇని ఎన్నాళ్ళాయ మే!"

మే. నన్ను. వచ్చిన గడపలోనే, సంచి కూడా లోపల పెట్టకుండా, నన్ను 'మే' అంది. ఒంట్లో కారం పోసినట్టయింది నాకు.

"ఇదిగో అమ్మా, మే మే అనడానికి నేనేం మేకని కాదు. ఈ ఇంట్లో పెద్దదాన్ని. అక్కా అను, అండీ అను" అన్నాను.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అట్లనే అక్కా. మా పక్క అట్లనే అంటాము. కోపం చేసుకోవాకండి."

కోపం చేసుకోవద్దంది. చేసుకున్నాను. ఆ రోజు నుంచీ ఆమె నన్ను అక్కా అనే పిలిచింది, మీరు అనే అంది. కానీ అన్నం పొంగుతుంటేనో, వేలు తెగితేనో, నవ్వొస్తేనో ఆ 'మే' జారిపోయేది. జారిన ప్రతిసారీ నేను లోపల ఒక గీత గీసుకునేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అనేది. ఓబులమ్మ నోరు మంచిది కాదని తీర్పు ఇచ్చేశాను. నా నోరు ఎలాంటిదో చూసుకోవడానికి మాత్రం అద్దం దొరకలేదు.

"నాలుగు ముక్కలు నేర్పీండి అక్కా, మామా ఏమడిగినా బొమ్మ మాదిరి నిలబడాల్సి వస్తాంది" అని అడిగింది ఒక రోజు ఉల్లిపాయలు తరుగుతూ. ఆడమనిషిని మామా అనడమే ఆమెకి వింత. "మా ఊర్లో మామంటే మొగుని నాయన. ఈయమ్మకు మీసాలు గూడా లేవు కదక్కా" అనేది. ఫీ అంటే ఉంది, మాఫీ అంటే లేదు అని చెబితే పడీ పడీ నవ్వింది. "అప్పులు మాఫీ చేస్తారే, అది గాదా? ఈళ్ళకు మాఫీ అంటే లేదనా! ఇంగ ఈ దేశంలో ఎవురికీ మాఫీ ల్యా" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"కావాలంటే ఏమనాల?" అంది.

'అబ్గా' అంటే 'కావాలి'. అది చెప్పి ఊరుకుంటే ఈ కథే లేదు. ఏ దయ్యం పట్టిందో అని రాయాలని ఉంది. దయ్యమేమీ పట్టలేదు. తాపీగా ఆలోచించుకునే అన్నాను.

"అబ్గా అనాలి. కానీ వట్టి అబ్గా అంటే మొరటుగా ఉంటుంది. మర్యాదగా అనాలంటే ముందు 'మా' పెట్టాలి. మా అమ్మ, మా ఊరు అనమూ? అలాగ. మామా అంటున్నావు కదా, అందులో ఉన్నదీ ఆ 'మా'యే. మా అబ్గా. చేతులు జోడించి అంటే ఇంకా బాగుంటుంది."

మా అబ్గా అంటే 'నాకు వద్దు'.

ఆమెకి అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? తెలుగుదాన్ని నేను. ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ మా అబ్గా, మా అబ్గా అని వల్లె వేసుకుంది. బాగా పలికింది. నేను నేర్పినవాళ్ళలో అంత తొందరగా, అంత స్పష్టంగా పలికినవాళ్ళు లేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మామా తన చేత్తో చేపల అన్నం పళ్ళెంలో పెట్టి ఓబులమ్మకి చూపించింది. కావాలా అని. మామా మనసు మంచిది. ఓబులమ్మ చేతులు జోడించి, నవ్వుతూ, మా అబ్గా అంది. మామా పళ్ళెం వెనక్కి పెట్టేసింది. ఓబులమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. నేను ఫ్రిజ్ తలుపు తీసి, అందులో తల పెట్టి నవ్వుకున్నాను.

"ఎందుకు తీసేసింది అక్కా?" అని అడిగింది తర్వాత.

"ఇక్కడి పద్ధతి అంతే. వెంటనే ఇవ్వరు. అందరూ తిన్నాక మిగిలింది నేనిస్తానులే" అన్నాను. ఇచ్చాను కూడా. చల్లారిపోయాక, నాకు తోచినంత. "శానా మంచోళ్ళు అక్కా మీరు" అంటూ తినేది. అలా ఎన్ని పళ్ళేలు వెనక్కి పోయాయో! పళ్ళెమే కాదు, దుప్పటి, కొత్త చెప్పులు, పండగకి తెచ్చిన బట్టలు. మామా చూపించడం, ఈమె దండం పెట్టి వద్దనడం. చివరికి మామా, "దీనికి మన ఇంట్లో ఏదీ నచ్చదేమో, పాపం" అని అడగడమే తగ్గించింది.

ఒకసారి దొరికిపోబోయాను. ఇంట్లో చిన్నమ్మాయి పాలగ్లాసు తోసేసి మా అబ్గా, మా అబ్గా అని ఏడుస్తోంది. ఓబులమ్మ చెవులు రిక్కించింది.

"ఆ పాప పాలు వద్దని కదా తోసేది? మా అబ్గా అంటాందే?"

"గారాబం. కావాలని అంటూనే తోసేస్తుంది" అన్నాను. అట్టు తిరగేస్తూ అన్నాను, అట్టు మాడలేదు కూడా. అప్పుడు చెప్పేయొచ్చు. తమాషాకి అన్నాను ఓబులమ్మా అని నవ్వేస్తే, ఆమె నా వీపుమీద ఒక దెబ్బ వేసి, 'ఎంత పని చేస్తివి మే' అనేది. అంతటితో పోయేది. ఆ 'మే' పడాల్సి వస్తుందనే చెప్పలేదా నేను? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమెకి ఒక్కతే కూతురు, గంగ. పెళ్ళయి కడుపుతో ఉంది. తొలి కాన్పు. పురుడు పుట్టింట్లో పోయాలి కదా మనకి. రెండేళ్ళు నిండగానే వచ్చే సెలవుకి ఊరెళ్ళి, గంగని అత్తారింటి నుంచి తెచ్చుకుని, పురుడు పోసి రావాలని ఓబులమ్మ ఆశ. అదొక్కటే ఆశ. అంట్లు తోముతున్నా అదే మాట, బట్టలు మడుస్తున్నా అదే మాట. తెల్లారి పని మొదలుపెట్టకముందు పెరట్లో నిలబడి కూతురికి ఫోన్ చేసేది.

"ఏమ్మే, తింటివా? కాళ్ళు వాచినాయా మే? బరువులెత్తవాకు మే, నేనొస్తాండా కదా."

కిటికీ ఇవతల నేను వింటూ నిలబడ్డాను. మే. కన్నకూతురిని కూడా మే అనే పిలుస్తోంది. అంటే అది తిట్టు కాదు. చులకన కాదు. తన మనిషి అనుకున్న ఆడదాన్ని పిలిచే పిలుపు అది. నాకు ఆ రోజే అర్థమైంది. అర్థం కాలేదని మీకు అబద్ధం చెప్పొచ్చు. చెప్పను. అర్థమయ్యాక కూడా ఆపలేదు. అర్థమయ్యాకే ఇంకా ఉక్రోషం వచ్చింది. ఎందుకొచ్చింది? నన్ను తనదాన్ని చేసుకోవడానికి ఆమెకేం హక్కు అనిపించిందా? లేక నన్నలా పిలిచినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరని గుర్తొచ్చిందా?

దానికి తోడు ఇంకోటి జరిగింది. ఒక మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. వంటింట్లోంచి ఓబులమ్మ గట్టిగా, "ఓ మే, కూర మాడిపోతాంది, రా మే!" అని కేకేసింది. పిల్లలకి ఆ మాట భలే నచ్చింది. వాళ్ళు నా వెనకే పడి మే, మే, మే అంటూ మేకల్లా అరిచారు. చుట్టాలు నవ్వారు. మామా కూడా నవ్వింది. తాళాల గుత్తి పట్టుకుని ఆ నవ్వుల మధ్యనుంచి నడిచి వెళ్ళాను. అన్నేళ్ళ పెద్దరికం గంగలో కలిసిందనుకున్నాను.

ఆ సాయంత్రమే మామా ఓబులమ్మని పిలిచింది.

హాల్లో కూర్చుని ఖర్జూరాలు తింటోంది. నేను ఖహ్వా కూజా పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇబ్రా నుంచి అన్న ఫోన్ చేశాడని, సెలవు వచ్చిందని మామా నెమ్మదిగా చెప్పింది. తర్వాత "తబ్గీ సఫర్?" అని అడిగింది. ప్రయాణం కావాలా, ఊరికి వెళతావా అని. సఫర్ అనే మాట హిందీలోనూ ఉంది కదా, ఓబులమ్మకి తెలిసింది. ఆ మొహం చూడాలి మీరు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులు జోడించింది.

"మా అబ్గా మామా! మా అబ్గా!"

మామా తికమకపడింది. మొహం ఒకటి చెబుతోంది, నోరు ఇంకోటి చెబుతోంది. మళ్ళీ అడిగింది. ఓబులమ్మ ఇంకా వంగి దండం పెట్టి, ఇంకా మర్యాదగా, మళ్ళీ అదే అంది. మామా నావైపు తిరిగింది.

"సహ్?" అంది. నిజమేనా అని.

"సహ్" అన్నాను.

నిజమే అన్నాను. ఖహ్వా ఒక్క చుక్క ఒలకలేదు. ఇన్నాళ్ళూ ఇదంతా తమాషా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను, కానీ ఆ 'సహ్' తమాషా కాదు. ఆ మాట ఓబులమ్మ కాదు, నేనన్నాను. పూర్తి తెలివితో అన్నాను. పిల్లలు మే మే అని అరిచిన అరుపు చెవుల్లో ఉండగా అన్నాను.

మామా సంతోషించింది. అయితే మాతోపాటు సలాలాకి వస్తుంది అంది. మస్కట్ నిప్పులు చెరుగుతున్నప్పుడు సలాలాలో వానాకాలం. ఏటా ఇంటిల్లిపాదీ వెళ్ళి ఉంటారు. సాయానికి మనుషులు కావాలి.

"ఏమనింది అక్కా?" అంది ఓబులమ్మ వంటింట్లోకి రాగానే.

"ఒప్పుకుంది. సలాలా నుంచి వచ్చాక టికెట్ తీస్తుందట" అన్నాను.

ఆమె వంగి నా కాళ్ళు పట్టుకుంది. నేను పట్టుకోనిచ్చాను.

సలాలాలో రోజంతా సన్నటి తుంపర, కొండలమీద పొగమంచు. ఓబులమ్మ కొంగు తలమీద కప్పుకోకుండా తిరిగేది, మా ఊర్లో ఇట్లాంటి వాన ఎప్పుడు చూసినామని. ఒక రోజు నన్ను బతిమాలి బజారుకి తీసుకెళ్ళింది. అక్కడి సాంబ్రాణికి లోకమంతా పేరు. లుబాన్ అంటారు. పుట్టబోయే బిడ్డకి నీళ్ళు పోశాక పొగ వెయ్యడానికి కావాలంది. దుకాణంవాడితో నేనే మాట్లాడాను. నాసిరకం అంటగట్టబోతే ఒప్పుకోలేదు, తెల్లటి మేలురకం ఏరించి ఇప్పించాను. నా అరబ్బీ అంతా ఉపయోగించి, నిజాయితీగా బేరం చేశాను. ఎంత వింతో చూడండి. పుట్టబోయే బిడ్డ సాంబ్రాణి విషయంలో ఆమెకి మోసం జరగకూడదనుకున్నాను.

అక్కడ ఉండగానే సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. అత్తగారి ప్రయాణం ఎప్పుడో కనుక్కుందామని గంగ మొగుడు ఓబులమ్మని ఇక్కడికి పంపిన ఏజెంటుకి ఫోన్ చేశాడట. ఏజెంటు మామాని అడిగాడు. మామా ఉన్నమాటే చెప్పింది. రెండుసార్లు అడిగాను, తనే వద్దంది అని. ఆ మాట ఏజెంటు నుంచి అల్లుడికి, అల్లుడి నుంచి గంగకి, గంగ అత్తగారికి చేరింది. కన్నతల్లికే అక్కర్లేని పురుడు మాకెందుకని ఆ అత్తగారు దెప్పిందట.

గంగ తల్లికి ఫోన్ చేసింది. నేను కూరగాయలు తరుగుతున్నాను. స్పీకర్‌లో ఉంది.

"నాకు వస్తానంటివి. వాళ్ళకు రానంటివి. నాతో ఎందుకు నాటకాలాడినావు మా? ఇంగ రావాకు. నువ్వు వచ్చినా నేను తలుపు తీయను."

ఫోన్ పెట్టేసింది. ఓబులమ్మ మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, కత్తి ఉన్న చెయ్యి అని కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు మే. ఆ పొద్దు నేనేమన్నా? వస్తాననే కదా మే అన్నా?"

అప్పుడు కూడా నాకు వినబడింది ఏమిటో తెలుసా? మే. కూతురు దూరమైపోతున్న ఆ మనిషి నోట్లో నాకు వినబడింది ఆ అక్షరమే. అక్కా అనలేదు, అండీ అనలేదు అని లెక్క చూసుకున్నాను.

"నువ్వు మా అబ్గా అన్నావు. వద్దు అని దానర్థం. అబ్గా అనాలి. ముందు ఆ 'మా' ఎందుకు తగిలించావు?"

ఆమె నోరు తెరిచి అలాగే చూసింది. "మర్యాదకు 'మా' పెట్టమన్యావు కదక్కా?"

"నేనా? అబ్గా అన్నాక మర్యాదకి మామా అనమన్నాను. అబ్గా మామా. నువ్వు సగం విని సగం మింగేసి, వెనకది ముందు పెట్టుకున్నావు. నన్నంటావేంటి?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, పాపం. నా మొహంలోకి చూసింది. నా మొహం గట్టిది, ఏమీ దొరకలేదు. చివరికి తలదించుకుంది.

"అట్లనా... అయితే నాదే తప్పక్కా. నువ్వు సరిగ్గానే చెప్పింటావు. నా పాడు చెవులు. నా మొద్దు నోరు." అంటూ అరచేత్తో తన నోటిమీద తనే కొట్టుకుంది. ఒకసారి కాదు. పెదవి చిట్లేదాకా కొట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. కూరగాయలు తరగడం పూర్తిచేశాను.

గంగకి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. అత్తారింట్లోనే కాన్పయింది, ఆడపిల్ల. కష్టమైన కాన్పని మాత్రం తెలిసింది. మామా సలాలా నుంచి రాగానే ఓబులమ్మకి టికెట్ తీసి పంపింది. ఈసారి నేను అన్నీ సరిగ్గా తర్జుమా చేశాను. చెయ్యకేం, చెడాల్సింది చెడిపోయాక!

వెళ్ళేదాకా ఉన్న ఆ కొద్దిరోజులూ ఓబులమ్మ ఏం చేసిందో చెప్పకపోతే నా ఒప్పుకోలు సగమే. ఇల్లు తుడుస్తూ, గిన్నెలు తోముతూ ఆ మాట పలకడం సాధన చేసింది. అబ్గా. అబ్గా. మధ్యలో ఆగి, "ఇప్పుడు సరిగ్గా వచ్చిందా అక్కా?" అని నన్నే అడిగేది. "ఊఁ, ఇప్పుడు ఫరవాలేదు" అనేదాన్ని. ఆ తర్వాత ఆమె నోటి నుంచి మే అన్న మాట నేను వినలేదు. ఒక్కసారి కూడా జారలేదు. అక్కా, మీరు, అండీ. నేను కోరుకున్న మర్యాద అంతా వచ్చి నా ముందు నిలబడింది.

సెలవు ఇంకా మిగిలి ఉండగానే తిరిగొచ్చేసింది. గంగ అన్నట్టే తలుపు తియ్యలేదట. అల్లుడు బిడ్డని వాకిట్లోకి తెచ్చి చూపించి, తీసుకెళ్ళిపోయాడట. "నోరు తిరగక తప్పు పలికినా బిడ్డా అని తలుపు బయట నిలబడి చెప్పినా అక్కా. ఒక్క మాటకు నోరు తిరగదా అనింది లోపల్నుంచి. నిజమే కదా, ఎవురు నమ్ముతారు" అంది. సంచిలోంచి సాంబ్రాణి పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "మీరు ఏరి ఇప్పించినారు. మీరే ఉంచుకోండి" అంది. విప్పనే లేదు దాన్ని. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పారెయ్యలేను, వెలిగించలేను. బట్టలన్నిటికీ ఆ వాసనే.

కొన్నాళ్ళకి ఆమె మళ్ళీ ఇబ్రా వెళ్ళిపోయింది, వేరే ఇంటికి. నేనూ ఆ ఇల్లు మానేసి మస్కట్‌లోనే వాడి కబీర్ అనే చోట ఒక తెలుగు కుటుంబంలో చేరాను. ఇక్కడ పిల్లలు నన్ను ఆంటీ అంటారు, వాళ్ళమ్మ మీరు అంటుంది. వినబడినప్పుడల్లా దొంగసొమ్ము తింటున్నట్టు ఉంటుంది. మొన్న పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కిస్తుంటే వెనకనుంచి ఒక ఆడగొంతు, "ఏమ్మే, నీళ్ళ సీసా మర్చిపోయినావు!" అంది. ఠక్కున తిరిగాను. ఆమె కాదు. ఎవరో తల్లి, తన కూతురిని పిలుస్తోంది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి సీసా తీసుకుని, తల్లి నడుము వాటేసుకుని, మళ్ళీ బస్సెక్కింది. నేను అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక ఇది రాయడం మొదలుపెట్టాను.

ఓబులమ్మ ఇంకా ఇబ్రాలోనే ఉందట. మళ్ళీ ఊరికి వెళ్ళలేదట. ఎవరి దగ్గరికి వెళుతుంది? వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నంబరు సంపాదించాను. ఒకసారి చేశాను కూడా. "ఎవురూ?" అంది అవతల్నుంచి. అదే గొంతు. పెట్టేశాను. మాఫీ అడగాలనే చేశాను. గొంతు వినగానే ఉల్లిపాయల ముందు కూర్చుని ఆమె నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఈ దేశంలో ఎవురికీ మాఫీ లేదని ఆమే అంది కదా. ఆమెకి చెబితే క్షమిస్తుందేమోనన్నదే నా అసలు భయమేమో. క్షమించి, 'పోనీలే మే' అంటే నేనేమైపోవాలి?

చూశారా, ఇక్కడ కూడా నా గురించే ఆలోచిస్తున్నాను.

రాశాక తేలికగా ఉందా అంటే, ఉంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఉంది. కానీ నేను తేలికపడితే ఓబులమ్మకి ఒరిగేదేముంది? అందుకే పేర్లు మార్చలేదు. మీలో ఎవరిదైనా కడప వైపు అయితే, తల్లి ఒమాన్‌లో ఉన్న గంగ అనే అమ్మాయి, తల్లితో మాటల్లేని గంగ అనే అమ్మాయి మీకు తెలిసి ఉంటే, మిగతాదంతా వదిలేసి ఈ నాలుగు ముక్కలు ఆమెకి చదివి వినిపించండి.

గంగా, మీ అమ్మ నోరు మొద్దుది కాదు. ఆ మాట ఆమె తప్పు పలకలేదు. నేను నేర్పింది నేర్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా, చేతులు జోడించి పలికింది. నేర్పిందే తప్పు. నీకొకటి, వాళ్ళకొకటి ఆమె చెప్పలేదు.

మీ అమ్మ వస్తానంది.